బల్ల చరిచిన చెయ్యి

మా ఊరి పేరు రాయను. రాస్తే మా ఛైర్‌పర్సన్‌గారి భర్త వెంకటసుబ్బారావు పరువునష్టం దావా వేస్తానంటాడు. తనకి పరువుందని కోర్టులో రుజువు చేసుకోవడం ఆయన తంటా, కానీ వాయిదాలకి తిరగడానికి నాకు తీరికేదీ? విజయవాడ నుంచి బందరు వైపు కాలవ వెంబడి వస్తుంటే తగిలే ఊళ్ళలో ఒకటనుకోండి, చాలు. మునిసిపాలిటీ ఉంది. ముప్ఫై వార్డులున్నాయి. కాలవగట్టు మీద రేకుల కింద చేపల బజారు ఉంది. సెంటర్లో నా కర్రీ పాయింట్ ఉంది. నా పేరు ఝాన్సీ. నేను చెప్పబోయేది మా వదిన శివపార్వతి గురించి. ఆవిడ పదకొండో వార్డు కౌన్సిలరు.

ఆడపడుచు వదినని పొగిడితే లోకం నమ్మదు. నమ్మకండి, నేను పొగడ్డానికి కూర్చోలేదు. ఆవిడ మీద నాకు చచ్చేంత కోపం ఉంది. నా పులుసులో ఉప్పెక్కువైతే కొనేవాళ్ళ ముందే "ఇవాళ ఉప్పు పడింది ఝాన్సీ, తీసుకునేవాళ్ళకి చెప్పి ఇవ్వు" అంటుంది. అలా అంటే వ్యాపారం సాగుతుందా? అదేమంటే, "తిన్నాక వాళ్ళకే తెలుస్తుందిగా" అంటుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆవిడ పుట్టిల్లు పామర్రు దగ్గర పల్లెటూరు. వాళ్ళ నాన్న పొలానికి వెళ్తూ పేపరు చదివి, వస్తూ ఎవరితోనో ఒకరితో వాదన పెట్టుకొచ్చే రకం. ఆ విత్తనమే ఈవిడ. మా అన్నయ్య రామకోటేశ్వరరావుకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాను కట్టలు బిగించే షెడ్డుంది. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటి మొహం చూస్తాడు. రోజంతా సుత్తి మోతలో ఉంటాడేమో, ఇంట్లో నోరు విప్పడు. ఆయన మాట్లాడని మాటలన్నీ ఈవిడే మాట్లాడేది. బీమా ఏజెంటుగా స్కూటీ మీద ఊరంతా తిరిగింది. చెత్తబండి తోలే అతన్ని "జాన్ పాల్‌గారూ" అంటుంది. చేపలమ్మే అమలమ్మని "అమలమ్మగారూ, మీరు" అంటుంది. మా వాళ్ళలో పెద్దవాళ్ళు, "గారు ఎవరికి తగిలించాలో తెలీని మనిషి" అని నవ్వుకునేవాళ్ళు. ఆవిడ చెవిన పడేది, పట్టించుకునేది కాదు.

మా వార్డు ఆడవాళ్ళకి రిజర్వయిన ఏడాది పార్టీవాళ్ళు శాలువా పట్టుకుని మా అన్నయ్య దగ్గరికొచ్చారు. "మీ ఆవిడ పేరిచ్చేయండి కోటేశ్వరరావుగారూ, మిగతాది మనం చూసుకుందాం" అన్నారు. మా అన్నయ్య ఆ ఏడాదికి మాట్లాడిన అతి పెద్ద వాక్యం ఇదే: "పేరు ఆవిడదండీ, లోపలుంది, వెళ్ళి అడగండి."

ఆవిడ సరేనంది. వాళ్ళకి ఆ తరవాత తెలిసొచ్చింది ఎవరిని తెచ్చుకున్నారో. ప్రచారంలో మైకు పట్టుకుని, మురుగు కాలవ తవ్వకం వార్డు చివరి కాలనీ నుంచి మొదలుపెట్టి మా గుడి వీధికి రావాలంది. ఇన్నాళ్ళూ గుడి వీధిలో మొదలుపెట్టడం, కాలనీ దగ్గరికొచ్చేసరికి నిధుల్లేవనడం! మా వీధివాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. చెత్త ఎత్తేవాళ్ళకి గ్లౌజులిచ్చేదాకా మా ఇంటి చెత్త నేనే మోసుకెళ్తానంది, మోసింది కూడా. కాలవగట్టు మీది చేపల బజారు జోలికి ఎవర్నీ రానివ్వనంది. వీటన్నిటికీ పైన ఇంకో మాట ఇచ్చింది. ప్రతి మీటింగూ అయ్యాక సెంటర్లో నిలబడి, దేనికి అవునన్నానో దేనికి కాదన్నానో చెప్తానంది.

వినడానికి చిన్న మాటే. కానీ మా మునిసిపాలిటీ పుట్టినప్పటి నుంచీ ఏ కౌన్సిలరు దేనికి ఓటేశాడో పక్క కుర్చీలో వాడికి కూడా తెలీదు. అక్కడ ఓటంటే బల్ల చరచడం. ఛైర్‌పర్సన్ "ఆమోదమేనా?" అంటారు, అందరూ దబదబా బల్లలు చరుస్తారు, అయిపోయింది. ఎవడు చరిచాడో ఎవడు చేతులు ముడుచుకున్నాడో ఆ చప్పుడులో ఎవడికి తెలుసు? మినిట్స్‌లో మాత్రం "ఏకగ్రీవం" అని పడుతుంది. బయటికొచ్చి ఎవరి వీధిలో వాళ్ళు "నేను గట్టిగా వ్యతిరేకించానండీ" అని చెప్పుకుంటారు. పాపం, అందరూ వ్యతిరేకించినవే అన్నీ ఏకగ్రీవంగా పాసవుతుంటాయి.

ఏడాది పైన మా వదిన అన్న మాట నిలబెట్టుకుంది. మీటింగ్ రోజు సాయంత్రం నా కొట్టు ముందు స్టూలెక్కి చెప్పేది. మొదట్లో జనం నవ్వారు, తరవాత ఆగి వినడం అలవాటు చేసుకున్నారు. అందరికన్నా ముందు వచ్చి నిలబడేది అమలమ్మ. కాలనీ మనిషి. పాతికేళ్ళుగా మా ఇంటికి చేప ఆవిడదే. ఎన్నికలప్పుడు చేపల గంపతో పాటు మా వదిన కరపత్రాలు కూడా మోసి, "మా పార్వతమ్మగారికి వెయ్యండి" అని గడపగడపా తిరిగింది.

అలాంటిది, దీపావళికి ముందు జరిగిన మీటింగులో మా వదిన కొంప ముంచుకుంది.

ఎజెండాలో ఇరవై మూడో అంశం, కాలవగట్టు సుందరీకరణ. రేకులు పీకేసి నడక దారి, తినుబండారాల కొట్లు పెడతారట. చేపలవాళ్ళని బైపాస్ అవతల చెత్తకుప్పల పక్కకి తోలేస్తారట. అక్కడికి బస్సు లేదు, ఆటో లేదు. చేప కొనడానికి కాకులు తప్ప ఎవరూ రారు. మా వదిన దాని మీద ఏం మాట్లాడాలో నాతో వారం రోజులు వాగి, అన్నీ సిద్ధం చేసుకుని వెళ్ళింది. ఇరవై మూడు ఎప్పుడు చదువుతారా అని కాచుకుని కూర్చుంది.

ఛైర్‌పర్సన్ సంపూర్ణమ్మ లేస్తూనే, "మన పదకొండో వార్డు ఆడపిల్ల కీర్తన కబడ్డీలో రాష్ట్రస్థాయి పతకం తెచ్చింది, ఆ అమ్మాయికి మన అందరి తరఫునా అభినందనలు" అంది. బల్లలు మోగాయి. సొంత వార్డు పిల్లాయె, మా వదిన అందరికన్నా గట్టిగా చరిచింది. ఆ చప్పుడు తగ్గకముందే సంపూర్ణమ్మ ఒక్క గుక్కలో, "అంశాలు ఒకటి నుంచి నలభై దాకా ఆమోదమేనా?" అంది. చప్పుడు ఆగలేదు. ఆమోదం, ఆమోదం. "సభ ముగిసింది, టిఫిన్లున్నాయి." అంతే. వెంకటసుబ్బారావు నేర్పిన కిటుకది. ముందు ఎవర్నో పొగడాలి, ఆ ఊపులో మిగతావి తోసెయ్యాలి.

ఆ సాయంత్రం మా వదిన నా కొట్టుకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

"కొట్టేశాను ఝాన్సీ."

"ఎవర్ని?" అన్నాను ఆశగా.

"బల్లని. ఇరవై మూడుకి."

జరిగింది విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. "ఓస్, ఇంతేనా! నువ్వు కొట్టింది కీర్తన కోసం. అదే చెప్పు. సగం నిజమేగా!"

"మిగతా సగం?" అంది. "ఆమోదమేనా అన్న మాట నా చెవిన పడింది. అందరూ కొడుతున్నారు, నా చెయ్యీ ఆగలేదు. ఆపాల్సింది."

"నువ్వు చరిచినట్టు ఎవరు చూశారే తల్లీ? వ్యతిరేకించానని చెప్పేసెయ్. ముప్ఫైమందీ చెప్పేది అదేగా!"

"అందుకే నేను చెప్పకూడదు."

ఆ మొండితనం చూస్తే నాలుగు తగిలించాలనిపించింది. ఈలోగా జనం పోగయ్యారు. ఖాళీ గంప చంకన పెట్టుకుని ముందు వరసలో అమలమ్మ. మా వదిన స్టూలెక్కింది.

"ఇరవై మూడో అంశం చేపల బజారు తీసెయ్యడం. దానికి నేను కాదనాలి. అనలేదు. బల్ల చరిచాను. వేరే ఊపులో ఉండి చరిచాను. కానీ చరిచింది నా చెయ్యే. బజారు జోలికి రానివ్వనని మీకు మాటిచ్చింది ఈ నోరే. రెండూ నావే. వచ్చే మీటింగులో దీన్ని ఎదిరిస్తాను."

జనంలో ఎవరో పెద్దమనిషి "పోనీలెండి మేడం, పొరపాటు ఎవరికైనా సహజం" అన్నాడు.

"పోనీలెండి అనడానికి పోయేది నీ కొట్టు కాదుగా!" అంది అమలమ్మ. గంప కింద పెట్టి మా వదిన దగ్గరికొచ్చింది. ఇన్నేళ్ళుగా 'మీరు, అమ్మా' అన్న మనిషి ఆ రోజు మొదటిసారి 'నువ్వు' అంది. "నీకోసం ఇల్లిల్లూ తిరిగాను. నన్ను 'గారు' అన్నావని మురిసిపోయాను. నా పొట్ట మీదికొచ్చే కాగితానికి బల్ల కొట్టొచ్చి, ఇప్పుడు స్టూలెక్కి చెప్తావా? కొట్టిన చేతిలో నా చేప పడదు. ఇంక నా రేకు కిందకి రామాక."

నా వైపు తిరిగింది. "నీ కొట్టుకి చేపిస్తా ఝాన్సమ్మా. మీ వదిన కంచంలో పడిందని తెలిసిందో, నీకూ ఉండదు."

మా వదిన ఏడ్చింది. జనం ముందే, స్టూలు మీద నిలబడే ఏడ్చింది. నాకు అమలమ్మ మీద కోపం రావాలి, రాలేదు. వచ్చిన కోపమంతా ఆ కిటుకు కనిపెట్టినవాడి మీదే.

దీపావళి మర్నాటి నుంచి కార్తీకం. మా అన్నయ్య నెల్లాళ్ళూ నీచు ముట్టడు. నా కొట్టులోనూ చేపలపులుసు బంద్, పప్పుచారూ వంకాయా. మా వదిన మాత్రం ఏ ఏడూ పాటించింది లేదు. "శివుడికి నా కూరతో ఏం పని?" అనేది. కార్తీకంలో బేరాల్లేక ఈగలు తోలుకునే అమలమ్మ, "నాకీ నెల బోణీ మీరేనమ్మా" అని నవ్వేది. ఈసారి మా వదిన చేత కార్తీకం పట్టించింది అమలమ్మే.

ఆ నెలంతా మా వదిన కౌన్సిలర్ల ఇళ్ళు తిరిగింది. ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు. ప్రతి ఇంట్లో "మీరు చెప్పింది న్యాయమే మేడం, కానీ..." అన్నారు. ఆ 'న్యాయమే కానీ' ఉంది చూశారూ, మా ఊరి ప్రార్థనాగీతం అదే.

ఒక ఆదివారం వెంకటసుబ్బారావే యాపిల్స్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆయనకి ఏ పదవీ లేదు. ఛైర్‌పర్సన్‌కి భర్త, అంతే. అయినా ఊరు ఆయన జేబులో ఉంటుంది.

"చెల్లెమ్మా, ఇంత చిన్నదానికి రచ్చెందుకు?" అన్నాడు. "మినిట్స్ ఇంకా ఖరారు కాలేదు. ఇరవై మూడు వచ్చేసరికి మీరు సభలో లేరని ఒక ముక్క రాయించేస్తాను. మీ రికార్డు కడిగిన ముత్యంలా ఉంటుంది. అమలమ్మకీ అదే చూపించుకోవచ్చు."

"నేను ఉన్నానండీ."

"లేరనే అనుకుందాం."

"నేను లేకపోతే నా బల్ల కొట్టిందెవరండీ, దెయ్యమా?"

ఆయన నవ్వాడు. కప్పు కింద పెట్టాక నవ్వు పోయింది. "చూడమ్మా. పార్టీ అంటూ ఒకటుంది. లైను దాటితే సస్పెన్షన్. వచ్చేసారి టికెట్ మర్చిపోండి. మీ కాలనీ మురుగు కాలవ సగంలో ఉంది కదూ? ఆ తవ్వే మిషను రేపట్నుంచి ఇంకో వార్డుకి కావాల్సొస్తుంది."

నేను ఆగలేకపోయాను. యాపిల్స్ కవరు ఆయన చేతిలో పెట్టి, "తీసుకెళ్ళండి బావగారూ, మా ఇంట్లో ఎవరికీ జ్వరాల్లేవు" అన్నాను.

ఆయన వెళ్ళాక మా వదిన తలుపు వేసొచ్చింది. "భయమేస్తోంది ఝాన్సీ" అంది. "నా టికెట్ పోతే పోయింది. అమలమ్మగారి కొట్టు కోసం నిలబడితే అమలమ్మగారి వీధే మునుగుతుంది. వానొస్తే వాళ్ళ మంచాల కిందకి నీళ్ళొస్తాయి. నేనెలా తేల్చను?"

"నువ్వు తేల్చడమేంటి? ములిగేది నువ్వా? వెళ్ళి ఆవిణ్ణే అడుగు."

ఇద్దరం స్కూటీ మీద వెళ్ళాం. అమలమ్మ గుమ్మంలో ఎండుచేపలు ఏరుకుంటోంది. తలెత్తలేదు. మా వదిన నిలబడే అంతా చెప్పింది.

"ఆ మురుగు మా తాతలప్పటి నుంచీ తొక్కుతున్నాం. ఇంకో నాలుగేళ్ళు తొక్కుతాం" అంది అమలమ్మ. "రేకు పోతే ఏం తింటాం? అది చెప్పు."

కూర్చోమనలేదు. మేం వచ్చేశాం.

కార్తీకం ఇంకో రెండు రోజులుందనగా మీటింగ్. నేను కొట్టు మూసి వెళ్ళాను. సందర్శకుల బెంచీల మీద అమలమ్మా, బజారు ఆడవాళ్ళూ అప్పటికే కూర్చున్నారు. అటెండరు ముక్కు మూసుకుని, "చేపల వాసనతో లోపలికి రాకూడదు" అంటున్నాడు.

"కార్తీకంలో చేపలెక్కడివి నాయనా? ఇది ఒట్టి మనుషుల వాసనే" అంది అమలమ్మ.

మా వదిన లోపలికొస్తూనే తన కుర్చీని బల్ల దగ్గర్నుంచి బరబరా ఈడ్చుకెళ్ళి గోడ వారగా వేసుకుని కూర్చుంది.

"అదేంటి శివపార్వతిగారూ, బల్ల దగ్గర కూర్చోండి" అంది సంపూర్ణమ్మ.

"ఆ బల్లతో ఒకసారి దెబ్బ తిన్నానండీ. దూరంగా ఉండటమే మంచిది."

కొందరు కిసుక్కుమన్నారు. సంపూర్ణమ్మ కాగితం తీసి, "ముందుగా, అయ్యప్ప మాల వేసుకున్న మన కౌన్సిలర్లందరికీ అభినందనలు" అంది. బల్లలు మోగాయి. ఆ మోతలోనే, "గత సమావేశం మినిట్స్ ఖరారు..."

"ఆగండి!"

వాన వెలిసినట్టయింది. మా వదిన గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. ఇరవై ఏళ్ళు ఇంట్లో విన్నా.

"ఇరవై మూడో అంశం ఏకగ్రీవం కాదు. నేను వద్దంటున్నాను. బల్లలొద్దు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవండి. అవునా కాదా చెప్పమనండి."

ఒకటే గోల. "పోయినసారి నువ్వూ కొట్టావుగా!" అని అరిచాడొకాయన.

"కొట్టాను. ఊరందరికీ చెప్పాను కూడా. మీరు కొట్టారా? ఎవరికి చెప్పారు?"

ఆయన కూర్చున్నాడు. సంపూర్ణమ్మ పక్క తలుపు వైపు చూసింది, అక్కడ వెంకటసుబ్బారావు సన్నగా తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆవిడ కమిషనర్ పూర్ణచంద్రరావు వైపు తిరిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "సభ్యులు అడిగితే పేర్లు పిలిచే పద్ధతి ఉందండీ. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, అంతే" అన్నాడు. ఏ దేవుడు ఆయన చేత అనిపించాడో!

పిలవడం మొదలుపెట్టారు. ఒకటో వార్డాయన లేచాడు. పోయిన నెల బల్ల విరగ్గొట్టినవాడే. బెంచీల వైపు చూసి, చొక్కా సర్దుకుని, ఏదో గొణిగాడు.

"వినపళ్ళేదండీ" అంది మా వదిన.

"అనుకూలం" అన్నాడు, నేల చూస్తూ.

బెంచీ మీద అమలమ్మ ఆ పేరూ ఆ మాటా పైకే అనుకుంది. పక్కావిడా అంది. రోజూ తెల్లారే చేపల వేలంపాటలో ఏ తట్ట ఎవరు ఎంతకి పాడారో కాగితం ముక్క లేకుండా గుర్తుపెట్టుకునే ఆడవాళ్ళు వాళ్ళు. పేరు పిలవడం, ఆయన చెప్పడం, వీళ్ళు అనుకోవడం. ఆ అనుకోవడం వింటుంటే లేచినవాళ్ళకి చెమటలు పట్టాయి. కొందరు అనుకూలం అని టక్కున కూర్చున్నారు. కొందరు, దేవుడా, 'న్యాయమే కానీ' అన్నవాళ్ళే, మా వదిన మొహం చూసి "వ్యతిరేకం" అనేశారు. ఏడో వార్డు కుర్రాడు నాని వంతొచ్చింది. వాడి పెళ్ళిలో రొయ్యలు అమలమ్మవే. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచి "తటస్థం" అన్నాడు. బెంచీ మీద ఎవరో "అంటే?" అని అడిగారు. "ఏమో, ఏ కూరా కాదని" అంది అమలమ్మ.

పదకొండో వార్డు. మా వదిన గోడ దగ్గర లేచి కుడిచెయ్యి పైకెత్తింది. "వ్యతిరేకం."

ఓడిపోయాం. అనుకూలం పదహారు, వ్యతిరేకం పదకొండు, తటస్థం ముగ్గురు. తీర్మానం నిలబడింది.

గుమ్మం దగ్గర వెంకటసుబ్బారావు దారికడ్డంగా నిలబడ్డాడు. "ఏం సాధించావు చెల్లెమ్మా? ఓడిపోయావుగా!"

"పదహారు పేర్లు సాధించానండీ" అంది మా వదిన, ఆయన్ని తప్పుకోమని చేత్తో చూపిస్తూ.

ఇంటికి చేరేలోపే ఫోన్లో సస్పెన్షన్ వచ్చింది. సాయంత్రం స్టూలెక్కి దాన్ని తనే చదివి వినిపించింది, అక్షరం వదలకుండా. మర్నాడు పొద్దున్నే కాలనీలో మిషను వెళ్ళిపోయింది. సగం తవ్విన గుంత అలాగే నోరు తెరుచుకుని ఉంది. మా వదిన దాని గట్టున నిలబడి, ఆగకుండా కమిషనరుకి ఫోన్లు చేసింది. కాలనీవాళ్ళలో ఒకరిద్దరు ఆవిణ్ణి చూసి మొహం తిప్పుకున్నారు. అదీ ఓర్చుకుంది. అన్నయ్య ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ, "బాగా చేశావు" అన్నాడు. రెండే ముక్కలు. ఈవిడ కళ్ళు తుడుచుకుంది.

పోలి పాడ్యమి వచ్చింది. తెల్లారకముందే కాలవలో అరటిదొప్పల మీద దీపాలు వదిలి, పోలిని స్వర్గానికి పంపేసి, ఊరు ఊరంతా గట్టెక్కి చేపల బజారులో పడింది. నెల రోజుల నోళ్ళు మరి. నేనూ పెద్ద గిన్నెతో వెళ్ళాను. ఆ రోజు నా కొట్టులో పులుసు లేకపోతే జనం నన్నే వండుకు తింటారు. మా వదిన నా వెనకే వచ్చింది. వద్దన్నా వచ్చింది.

మాకన్నా ముందు వెంకటసుబ్బారావు కారు డ్రైవరు స్టీలు క్యారేజీతో నిలబడి ఉన్నాడు. "అయ్యగారికి బొమ్మిడాయిలు."

"ఏ వార్డు?" అంది అమలమ్మ.

"ఛైర్‌పర్సన్‌గారిల్లు కదమ్మా!"

"సంపూర్ణమ్మ, అనుకూలం" అంది అమలమ్మ కత్తిపీట మీంచి చూపు తిప్పకుండా. "చేపలెందుకు బాబూ? సుందరీకరణ వండుకోమను."

డ్రైవరు పక్క రేకుకెళ్ళాడు. అక్కడా అదే మాట. ఆ చివరిదాకా వెళ్ళాడు. బజారంతటికీ పదహారు పేర్లూ నోటికొచ్చు. మూడో వార్డాయన పెళ్ళాం మొగుణ్ణి వెంటేసుకుని వచ్చి, అందరి ముందూ, "నీకేం పోయేకాలం వచ్చి అనుకూలమన్నావు? నెలనాళ్ళు ఎదురుచూశాను" అని కడిగేసింది. ఆయన అమలమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "వచ్చే మీటింగులో మార్చుకుంటాలే, రెండు కేజీలు వెయ్యి" అన్నాడు. "ముందు మార్చుకో, తరవాత వేస్తా" అంది. నాని నెమ్మదిగా సంచి చాపాడు. అమలమ్మ ఆలోచించి రెండు బొచ్చె తలకాయలు వేసింది. "తటస్థానికి తలకాయలు. ఒళ్ళు వచ్చే నెల."

నేను నవ్వలేక చచ్చాను. అంతలో అమలమ్మ చూపు మా వదిన మీద పడింది.

"నీకేం కావాలి?"

"కొర్రమేను" అంది మా వదిన.

"చెయ్యి చాపు."

కుడిచెయ్యి చాపింది.

"బల్ల కొట్టింది ఇదేనా?"

"ఇదేనండీ."

"మొన్న ఎత్తింది?"

"అదీ ఇదే."

అమలమ్మ నీళ్ళ తొట్టిలో మోచేతిదాకా ముంచి, బతికున్న కొర్రమేనుని పైకి తీసి, ఆ అరచేతిలో పెట్టింది. అది ఒక్క గింజు గింజింది. మా వదిన జన్మలో బతికున్న చేపని పట్టుకున్న పాపాన పోలేదు. కెవ్వుమని అరిచి, రెండు చేతులా గుండెకి అదుముకుంది. మొహమంతా నీళ్ళు, చీరంతా జిగురు.

"గట్టిగా పట్టుకో" అంది అమలమ్మ. "ఈసారి జారిందంటే నీతో నాకు మాటల్లేవు."

"ఎంతండీ?" అంది మా వదిన రొప్పుతూ.

"మామూలు రేటే. నీకేం తగ్గించను." మళ్ళీ అంది, గొంతు మారింది. "రేకులు పీకడానికి వస్తారంట కదా?"

"వస్తారండీ. తీర్మానం ఉంది."

"వస్తే నువ్వుంటావా?"

"ఉంటాను."

"ఇక్కడ బల్లలుండవు పార్వతమ్మా. నేల మీద కూర్చోవాలి."

మా వదిన చేప వదల్లేదు. ఆ బురదలోనే, పండక్కి కొన్న నేతచీరతోనే, అమలమ్మ కత్తిపీట పక్కన చతికిలబడింది. "కొత్త చీర, పాడవుతుంది, లే" అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఎవరు వింటారు?

అప్పటి నుంచీ పొద్దున్నే అక్కడే కూర్చుంటోంది. వార్డు జనం కూడా పనులుంటే అక్కడికే వస్తున్నారు. మీకెవరికైనా మా కౌన్సిలరుతో పనిబడితే కాలవగట్టుకి రండి, రేకుల కింద ఉంటుంది.